క్రొత్త లాప్‌టాప్ ఎన్నేండ్లకు పాతదగును?

గడచిన 2025 ఆగష్టు మాసములో ఒక సాయంకాలము, బడి విడిచిన పిమ్మట మేము హాజరు పుస్తకములు సరిచూచుకొనుచుండగా, మా పూర్వవిద్యార్థిని యొకతె తన తండ్రితోగూడ వచ్చినది. ఆమె మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, పిదప ఇంటర్మీడియట్ చదివి, ఆ యేడే ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశించినది. తండ్రి గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతముల కార్యాలయములలో పనిచేయువారిని రాత్రివేళల ఇండ్లకు చేర్చు క్యాబ్ నడుపును. ఆయన చేతిలో నొక అట్టపెట్టె యుండెను. అందున్నది క్రొత్త లాప్‌టాప్. మూతపై నంటించిన పలుచని ప్లాస్టిక్ పొరనైనను వారింకను తీయలేదు.

చీటీ పాడగా వచ్చిన సొమ్ములో 54,000 రూపాయలు పెట్టి దానిని కొనిరి. కొని పండ్రెండు దినములైనను కాలేదు. ఇంతలో తోటి విద్యార్థులు, ఇది పాత తరమునకు చెందినదనియు, దీనికన్న మంచి ప్రాసెసర్ వచ్చినదనియు చెప్పిరట. నాటినుండి ఆ పిల్లకు మనసు నిలుచుట లేదు. పాఠము చదువవలసిన వేళ ఫోను పట్టుకొని, ఏ కంపెనీ యే నెలలో నేమి విడుదల చేయునో వెదకుచు కూర్చుండుచున్నది. దుకాణమువారు పెట్టె తెరచిన పిదప వస్తువును తిరిగి తీసికొనుట లేదని చెప్పిరి.

"సార్, తప్పు చేశామా? ఇంకో ఆరు నెలలు ఆగితే బాగుండేదా?" అని ఆమె యడిగినది. తండ్రి ప్రశ్న వేరు. "సారూ, ఇది ఎన్నేండ్లు నడుస్తది? నాలుగేండ్ల చదువుకు వస్తదా?" అని మాత్రమే ఆయన యడిగెను.

ఈ రెండును ఒకే ప్రశ్న యని మొదట మాకు తోచినది. ఆలోచింపగా కావని తెలిసినది. దీనికన్న క్రొత్తది వచ్చినదా యని యడిగినచో, ప్రతి లాప్‌టాప్ విషయమునను, ప్రతి దినమునను సమాధాన మొక్కటే: వచ్చినది, లేదా రానున్నది. ఇది యెన్నేండ్లు నడచును అను ప్రశ్నకు మాత్రము యంత్రమునుబట్టి, వాడుకనుబట్టి వేరువేరు సమాధానములు గలవు. వానిలో పెక్కింటిని కొనుటకు ముందే తెలిసికొనవచ్చును. మా విద్యార్థుల తలిదండ్రులలో ననేకులు ఇదే సందేహముతో మమ్ము కలిసికొనుచున్నారు గావున, ఆ సాయంకాలము చెప్పినదానిని, అప్పుడు చెప్పలేకపోయినదానినిగూడ నిచ్చట వ్రాయుచున్నాము.

ఈ దిగులు మన ప్రాంతమున తక్కినచోట్లకంటె హెచ్చుగా నుండుటకు కారణము లేకపోలేదు. 1998 నవంబరు 22 న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయిగారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినప్పుడు చుట్టును బండలును పొదలునే యుండెను. పది అంతస్తుల ఆ భవనమును చూచుటకు జనులు దూరప్రాంతములనుండి వచ్చెడివారు. నేడు రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ వైపున లేచిన భవనముల నడుమ అది చిన్నదిగా కనబడును. ఐనను దానిలో కార్యాలయములు నడచుచునే యున్నవి. క్వాల్‌కామ్, ఏఎమ్‌డి, మైక్రాన్ వంటి కంపెనీల ఇంజనీర్లు ఈ వీథులలోనే పనిచేయుచున్నారు. రాబోవు యేడు అంగడికి వచ్చు చిప్‌లలో కొన్నింటి పని యిచ్చటనే జరుగును. క్రొత్తదనము పుట్టుచోట నివసించువారికి తమ చేతిలోని వస్తువు తొందరగా పాతదైనట్లు తోచుట సహజమే. దానికితోడు హైటెక్ సిటీ మెట్రో స్టేషను దిగినది మొదలు ఎటు చూచినను ప్రకటనల బోర్డులే.

కంప్యూటర్ పాతదగుట యనగా నేమి? ఒక కాలమున దీనికి సులువైన జవాబుండెను. 1965 లో గోర్డన్ మూర్ అను ఇంజనీరు, ఒక చిప్‌లో ఇమిడ్చు భాగముల సంఖ్య యేటేట రెట్టింపగుచున్నదని వ్రాసెను. 1975 లో ఆ లెక్కను రెండేండ్ల కొకసారి యని సవరించెను. 1971 నాటి ఇంటెల్ 4004 అను చిప్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నేటి లాప్‌టాప్ చిప్‌లలో వేయి కోట్లకు మించిన ట్రాన్సిస్టర్లు గలవియు నున్నవి. ఈ పెరుగుదల వేగముగా సాగిన 1990 ప్రాంతముల దశాబ్దములో, మూడేండ్ల క్రిందటి కంప్యూటర్‌పై క్రొత్త ప్రోగ్రాములు నడువక మొరాయించెడివి. ఆనాటి భయము నిజమైన భయము.

2005 ప్రాంతమునుండి సంగతి మారినది. చిప్ గడియారపు వేగమును పెంచుకొనిపోయినచో వేడి తట్టుకొనుట కష్టమగుటచే, దానిని మునుపటివలె ఏటేట పెంచుట సాధ్యపడలేదు. ఒక్క చిప్‌లో పెక్కు కోర్‌లు పెట్టుట మొదలయ్యెను. యంత్రములు మెరుగుపడుట మానలేదు గాని, మన పనులు వానితో సమానముగా పెరుగలేదు. వ్యాసము టైపు చేయుటకు, పాఠము వీడియో చూచుటకు, 1972 లో పుట్టిన సి భాషలో గాని 1991 లో వెలువడిన పైథాన్‌లో గాని ప్రోగ్రాము వ్రాసి నడుపుటకు, అయిదారేండ్ల క్రిందటి మధ్యరకపు లాప్‌టాప్ చాలును. పెద్ద వీడియోలు కూర్చువారికి, బరువైన ఆటలాడువారికి, కృత్రిమ మేధ నమూనాలను తమ యంత్రము మీదనే నడుపువారికి మాత్రమీ మాట వర్తింపదు. ఆ పిల్ల చేయవలసిన పని యిందేదియు గాదు.

అట్లని లాప్‌టాప్ ఎన్నటికిని పాతపడదని చెప్పినచో అది అబద్ధమగును. నేడది పాతపడు దారి వేరు. అందు ముఖ్యమైనది అప్‌డేట్ల గడువు. విండోస్ వంటి వ్యవస్థలోని లోపములు బయటపడినకొలది కంపెనీవారు సవరణలు పంపుచుందురు. అవి నిలిచిన దినమున యంత్రము ఆగిపోదు. మరునాడును ఎప్పటివలెనే తెరచుకొనును. కాని అటుపై కనుగొనబడు లోపమునకు మందు లేదు గావున, బ్యాంకు పనులు మొదలగువానికి దానిని నమ్ముట మంచిది గాదు. ఈ గడువులు రహస్యములు గావు. విండోస్ ఎక్స్‌పి 2001 లో వెలువడి 2014 ఏప్రిల్ 8 వరకును, విండోస్ 7 అనునది 2009 లో వెలువడి 2020 జనవరి 14 వరకును సవరణలు పొందినవి. 2015 జులైలో వచ్చిన విండోస్ 10 కి 2025 అక్టోబరు 14 తో గడువు ముగిసినది. ఇండ్లలో వాడువారు నమోదు చేసికొన్నచో 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందు ఏర్పాటొకటి చేసిరి.

ఇందొక చిక్కు గలదు. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు దానికి కావలసిన మెమరీ స్వల్పమే: 4 జీబీ చాలునన్నారు. కాని రహస్యపు తాళములను భద్రపరచు టీపీఎమ్ 2.0 అను భాగ ముండవలెననియు, ఇంటెల్ ప్రాసెసర్ అయినచో, ఒకటి రెండు మినహాయింపులు దక్క, ఎనిమిదవ తరమునకు లోబడి యుండరాదనియు నియమించిరి. ఇంటెల్ యొక్క ఎనిమిదవ తరపు లాప్‌టాప్ ప్రాసెసర్లు 2017 ఆగష్టులో వచ్చినవి. అనగా 2017 జూన్‌లో ఏడవ తరపు యంత్రమును కొన్నవారును, అదే యేడు డిసెంబరులో ఎనిమిదవ తరపుదానిని కొన్నవారును నాలుగేండ్లపాటు ఒకే తీరున పని చేసికొనిరి. పిదప ఒక గీత గీయబడెను. ఒకరు ఈవలను, ఒకరు ఆవలను పడిరి. వేగముచేత గాదు, నియమముచేత.

ఈ యుదాహరణము ఆ పిల్ల భయమును బలపరచునట్లే కనబడును. దానిని దాచుట మాకిష్టము లేదు. ఆరు నెలలాగిన వాడు లాభపడినమాట నిజమే. కాని 2017 లో ఆ గీత యెచ్చట పడునో కొనువాడెవ్వడును ఎరుగడు. ఎరుగక ఆగినవాడు ఎనిమిదవ తరమువద్దనే ఆగునని నమ్మకమేమి? తొమ్మిదవదానికొరకు మరల ఆగియుండవచ్చును. ఏడవ తరపువాడు సయితము 2025 వరకు, అనగా ఎనిమిదేండ్లు, సవరణలతో పనిచేసికొనెను. నాలుగేండ్ల చదువునకు రెట్టింపు కాలము. గీతకు మిక్కిలి దగ్గరనున్న పాత తరపు సరుకును తగ్గింపు ధరయని క్రొత్తగా కొనరాదనుటయే దీనినుండి మేము గ్రహించినది.

తక్కిన కంపెనీలవారికిని ఇట్టి గడువులు గలవు. ఆపిల్‌వారు 2020 నవంబరులో తమ సొంత ఎమ్1 చిప్‌కు మారి, ఇంటెల్ చిప్ గల మ్యాక్‌లకు 2025 లో వచ్చిన టాహో యే చివరి పెద్ద అప్‌డేట్ అని ప్రకటించిరి. 2021 నుండి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు గూగుల్‌వారు పదేండ్ల అప్‌డేట్లు చెప్పియున్నారు. కొనుటకు ముందు దుకాణములో, దీనికి ఏ సంవత్సరము వరకు అప్‌డేట్లు వచ్చునని యడుగువారిని మేమింతవరకు చూడలేదు. రంగును, తెర వెడల్పును, వెంట ఇచ్చు సంచిని గూర్చి మాత్రము అందరు నడుగుదురు.

రెండవ దారి ర్యామ్. పూర్వపు లాప్‌టాప్‌లలో వెనుక మూత విప్పి మరియొక ర్యామ్ పలకను పెట్టుకొను గూడుండెడిది. ఇప్పుడు పలుచదనముకొరకు పెక్కింటిలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేయుచున్నారు. కొన్ననాటి 8 జీబీ చివరి దినమున గూడ 8 జీబీయే. 2024 లో మైక్రోసాఫ్ట్‌వారు కృత్రిమ మేధ పనులకై ప్రకటించిన కోపైలట్ ప్లస్ తరహా కంప్యూటర్లకు 16 జీబీ కనీసమని నిర్ణయించిరి. ఆ హంగులు మన పిల్లలకు అక్కరలేకపోవచ్చును గాని, గాలి యెటు వీచుచున్నదో దానివలన తెలియును. కావున సొమ్ము పరిమితముగా నున్నచో, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగియైనను, 16 జీబీ గలదానిని గాని ఖాళీ గూడు గలదానిని గాని తీసికొనుట మేలని మా యభిప్రాయము.

మూడవది బ్యాటరీ. ఇది మాత్రము తప్పక పాతపడును. లిథియం అయాన్ రసాయనపు గుణమే యట్టిది. నూరు శాతము వాడి నింపిన లెక్క యొక చక్రము. సాధారణపు బ్యాటరీలు 300 మొదలు 500 చక్రములకు, మేలైనవి 1,000 చక్రములకు, తమ మొదటి శక్తిలో సుమారు 80 శాతమునకు దిగును. ప్రతిదినము కళాశాలకు గొనిపోవు విద్యార్థికి రెండు మూడేండ్లలో ఆ మార్పు తెలియును. అప్పుడు యంత్రము చెడినదని తలపక, బ్యాటరీని మార్పించుకొనవలెను. వేడి దీనికి శత్రువు. మేమొక వేసవిలో మా లాప్‌టాప్‌ను రాత్రింబవళ్లు ఛార్జింగులోనే పెట్టి, పరుపుమీద నుంచి వాడితిమి. బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేచెను. తప్పు మాదే. మే నెల మధ్యాహ్నము తలుపులు మూసిన కారులో దాని నుంచరాదనియు, చాల యంత్రములలో ఛార్జింగును 80 శాతమువద్ద నిలుపు ఏర్పాటున్నదనియు ఆ తండ్రీకూతుళ్లకు చెప్పితిమి.

కీలు విరుగుట, ఛార్జరు తీగ తెగుట మొదలగునవి అందరు నెరిగినవే.

ఒక చిన్నమాట. యంత్రముకన్న ముందుగా అందలి వ్రాత పాతదగుట మేమెరుగుదుము. మన వార్షిక సంచికల పాత ప్రతులను డీటీపీవారు ఆనాటి ఫాంట్లలో కూర్చిరి. ఆ ఫైళ్లను నేడు తెరచినచో తెలుగక్షరములకు బదులు అర్థముగాని గుర్తులు వచ్చును. కాగితముపై నచ్చైనవి మాత్రము చక్కగా చదువవచ్చును. తెలుగునకు యూనికోడ్‌లో 1991 లోనే చోటు దొరకినది. పిల్లలు తమ తెలుగు వ్రాతలను యూనికోడ్‌లో భద్రపరచుకొన్నచో యంత్రము మారినను వ్రాత నిలుచును.

ఇక ఆగుటను గూర్చి. ఈ దిగులు లాప్‌టాప్ పుట్టినప్పటినుండి యున్నదే. తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమపు నీడలో బాల్యము గడపిన ఆడమ్ ఓస్‌బర్న్ అను ఆంగ్లేయుడు 1981 లో అమెరికాలో ఓస్‌బర్న్ 1 అను కంప్యూటర్‌ను విడుదల చేసెను. చేతితో మోసికొనిపోవుటకు తగినట్లు చేసి, పెద్దయెత్తున అమ్మిన మొదటి కంప్యూటర్లలో అది యొకటి. బరువు సుమారు 11 కిలోలు. తెర అయిదు అంగుళములు. మెమరీ 64 కిలోబైట్లు. ధర 1,795 డాలర్లు. మొదట విరివిగా అమ్ముడుపోయినది. 1983 లో దానికన్న మేలైన నమూనాలు రానున్నవని ముందుగనే ప్రచారమగుటతో, కొనవలసినవారందరు ఆగిరి. చేతిలోని సరుకు కదలలేదు, సొమ్ము రాలేదు, ఆ సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసెను. పోటీదారుల బలము, లెక్కల పొరపాట్లుగూడ కారణములని కొందరందురు. ఐనను రాబోవుదానిని చెప్పి ఉన్నదానిని చెరుపుకొనుటను నేటికిని వ్యాపారులు ఓస్‌బర్న్ పేరిటనే పిలుచుచున్నారు. ఆయన 2003 లో కొడైకెనాల్‌లో మరణించెను.

ఆగినచో ధర తగ్గునను మాటయు అన్నివేళల నిజము గాదు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రములవారు మెమరీ చిప్‌లను పెద్దయెత్తున కొనుటచే ర్యామ్ ధరలు దిగుటకు మారుగా మిక్కిలి పెరిగినవి. ఆగష్టులో కొన్నవారు ఆ దెబ్బ తప్పించుకొనిరి. ఇది వారి తెలివి గాదు, అదృష్టము. ఆగినవారికిని అట్లే దురదృష్టము.

ఇంకను తక్కువ ఖర్చులో కావలెననువారికి మన ప్రాంతమే యొక దారి చూపుచున్నది. ఇచ్చటి పెద్ద కార్యాలయములలో మూడు నాలుగేండ్ల కొకసారి ఉద్యోగుల లాప్‌టాప్‌లను మార్చుట పరిపాటి. అట్లు తీసివేసినవి శుభ్రము చేయబడి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలైన తావులలో సగమునకు దిగువ ధరకు సయితము దొరకును. ఒకరి లెక్కలో గడువు తీరినది మరియొకరి చదువునకు మొదలు. ఐతే పైన చెప్పిన గీతను మరువరాదు: ఇంటెల్ ఐనచో ఎనిమిదవ తరమునకు తగ్గరాదు, బ్యాటరీ నివేదిక చూడవలెను, బిల్లు తీసికొనవలెను. గీతకు ఆవలనున్నవానినిగూడ పారవేయ నక్కరలేదు. మా పాఠశాల కంప్యూటర్ గదిలో అట్టివి నాలుగు గలవు. వానిలో లైనక్స్ వేసి నడుపుచున్నాము. ఆరవ తరగతి పిల్లలు వానిమీదనే తెలుగు టైపు నేర్చుకొనుచున్నారు. అవి ఏ తరమువో వారెన్నడు నడుగలేదు.

ఆ సాయంకాలము మేము ఆ లాప్‌టాప్‌ను తెరచి ముగ్గురమును చూచితిమి. ప్రాసెసర్ అప్పటికి రెండేండ్ల క్రిందటి తరముది. పిల్ల విన్నమాట నిజమే. విండోస్ 11 ఉన్నది. ర్యామ్ 8 జీబీ; కాని మరియొకటి పెట్టుటకు ఖాళీ గూడు గలదు. బ్యాటరీ మార్చదగినది. అయిదేండ్లు వాడుదురని లెక్కించి, 54,000 రూపాయలను అరువది నెలలకు పంచగా నెలకు 900, దినమునకు 30 రూపాయలు వచ్చెను. తండ్రి ఆ కాగితమును చేతికి తీసికొని కొంతసేపు చూచి, "నా బండికన్న నయమే సారూ. కొత్త మోడల్ వచ్చిందని నా బండి ఎన్నడూ ఆగలే. టైర్లరిగితేనే ఆగింది," అని నవ్వెను. కూతురు నవ్వలేదు. ఇంటికి పోవునప్పుడు మూతపై పొరను అట్లే యుంచుకొని పోయినది.

సంక్రాంతి సెలవులలో ఆమె మరల వచ్చినది. పొర లేదు. మూతపై నొక గీత పడియున్నది. స్నేహితురాలి టిఫిను డబ్బా తగిలినదట. తాను వ్రాసిన సి ప్రోగ్రాము ఒకచోట తప్పు చూపుచున్నదని, దానిని సరిచేయుటకు సాయము కోరినది. అరగంట చూచిన పిదప తప్పు ఆమెయే పట్టుకొన్నది. ఖాళీ గూటిలో ర్యామ్ వేయించితివా యని మేమడుగగా, "ధరలు బాగా పెరిగినై సార్, తగ్గేదాకా ఆగుతున్నా," అన్నది.